గుమ్మంలో పాత కాపలావాడు

ఆ చెప్పుల పనిశాలలో పొద్దున్నే అందరికంటే ముందు మేలుకునేది కంప్యూటరు. అత్త తలుపు తీస్తూనే దాని మీట నొక్కుతుంది. అది కళ్లు నులుముకుని లేచేలోపు కిటికీ రెక్కలు తెరిచి, జిగురు డబ్బా మూత వదులు చేసి, ముందురోజు కుట్టి ఆరబెట్టిన జోళ్లను ఒక్కొక్కటే తడిమి చూసుకుంటుంది. ఆ రోజూ అలాగే చేసింది. జోళ్లు తడమడం అయ్యి వెనక్కి తిరిగేసరికి, తెరమీద రోజూ కనబడే నీలం లేదు. అంతా నలుపు. పైన మూలకి తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు రెండు వరసలు, వాటి చివర మిణుకుమిణుకుమంటూ ఒక చిన్న గీత.

"అమ్మాయ్! నీ కొత్త మనిషి అప్పుడే అలిగి కూర్చున్నాడు, వచ్చి బతిమాలుకో!" అని కేకేసింది.

కొత్త మనిషి అంటే కొత్త లినక్స్, కంప్యూటర్ని లోపలుండి నడిపించే ప్రోగ్రాం. వెనక గదిలో తోలుకి కొలతలు గీస్తున్న కోడలు చేతిలో సుద్దముక్క అలాగే పట్టుకుని వచ్చి చూసింది. కంగారుపడింది. మొహంలో మాత్రం తెలియనివ్వలేదు. ఆమెకి అదొక అలవాటు. కంగారు ఎంత ఎక్కువైతే అంత నెమ్మదిగా కదులుతుంది. సుద్దముక్కని బల్లమీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ ఇంట్లో చేసేవి అందరూ తొడుక్కునే చెప్పులు కావు. బజారులో దొరికే చెప్పుల్లో పట్టని కాళ్లకి చేసే చెప్పులు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లు, అరికాలి వంపు లేక పాదమంతా నేలకి ఆనేవాళ్లు, వేళ్లు పోయినవాళ్లు వస్తారు. అత్త వాళ్ల పాదాన్ని అద్దం మీద ఆనించి చూసి, ఆ వంపుల్ని కంప్యూటర్లో గీస్తుంది. పక్కనున్న కోత మిషను ఆ గీత ప్రకారం చెప్పు లోపలి అట్టని కోసిపెడుతుంది. గీతలు ఒక్కసారితో తెమలవు. తొడిగించి, నడిపించి, ఎక్కడ నొప్పో అడిగి, గీతని వెంట్రుకవాసి జరిపి, మళ్లీ తొడిగించి, ఇలా వారాల తరబడి సాగుతుంది. ఆ గీతలన్నీ 'పాదాలు' అనే ఒక్క ఫోల్డరులో ఉన్నాయి. అత్తకి మనుషుల మొహాలు గుర్తుండవు, పాదాలు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముందు కిందికి చూసి, తరవాత నవ్వుతుంది.

అలాంటి కంప్యూటర్లో లినక్స్ మార్చాలని పట్టుబట్టింది కోడలే. పాతది ముసలిదైపోయింది. దాన్ని తయారుచేసినవాళ్లే దాన్ని పట్టించుకోవడం మానేశారు. కొత్తగా కొన్న కోత మిషను దానితో మాట్లాడనని మొండికేసింది.

"పనిచేస్తున్నదాన్ని కెలకడం ఎందుకే?" అంది అత్త అప్పట్లో.

"పెట్టె లోపల గదులున్నాయి అత్తయ్యా. లినక్స్ ఉండే గది వేరు, మన పాదాలుండే గది వేరు. లినక్స్ గది మాత్రమే ఖాళీ చేయించి కొత్తదాన్ని కాపురం పెట్టిస్తా. పాదాల గది గడప కూడా తొక్కను."

తొక్కలేదు కూడా. అన్న ప్రకారమే చేసింది. కొన్నాళ్లుగా కొత్త లినక్సూ, కొత్త మిషనూ కొత్త దంపతుల్లా కులాసాగా పనిచేసుకుంటున్నాయి. ఇదిగో, ఇవాళ ఇలా.

మరిది ముంగిట్లోంచి తొంగిచూశాడు. చెప్పులు చేరవెయ్యడం, సరుకు తేవడం, వదినని ఆటపట్టించడం అతని పనులు. తెరమీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"గ్రబ్... రెస్క్యూ. వదినా, అది 'కాపాడండి, కాపాడండి' అని అరుస్తోంది. పాపం, ఏం చేశావ్ దాన్ని?"

"నువ్వు కాసేపు నోరు మూసుకుంటే దాన్నీ కాపాడతా, నిన్నూ కాపాడతా."

అత్త అప్పటికే ఫోను చెవికి ఆనించుకుంది. వీధి చివర కంప్యూటర్ల కొట్టు పెట్టుకున్నతనికి చేసింది. అంతా విని అతను అట్టే ఆలోచించలేదు.

"పాతది తీసేసి కొత్తది ఎక్కించారా? అలాగే అవుతుంది పిన్నిగారూ. మొత్తం తుడిచి ఫార్మాట్ కొట్టేసి మొదట్నించీ ఎక్కిస్తా. భోజనం చేసి వస్తా."

"మరి మా పాదాలో?"

"దొరికితే తీస్తానండీ. మాటివ్వలేను."

అత్త ఫోను పెట్టేసింది. పాదాలకి కాపీ ఒకటి ఉంది కానీ అది పోయిన వానాకాలం నాటిది. ఆ తరవాత వచ్చిన పాదాలు, మార్చిన గీతలు ఎన్నో. అన్నిటికంటే ముఖ్యం, ఉత్తరాలు పంచే పోస్టావిడ పాదం. ఆపరేషనై ఆమె కాలి వంపే మారిపోయింది. నెలన్నా పట్టింది ఆ గీత కుదరడానికి. ప్రతిసారీ ఆమె పళ్లబిగువున నాలుగడుగులు వేసి, "ఇక్కడ" అని చూపించేది. కిందటిసారి మొదటిసారిగా ఏమీ చూపించకుండా గది చివరిదాకా నడిచి వెనక్కి వచ్చింది. ఆ గీత ప్రకారం అట్ట కోసి, జోడు పూర్తిచేసి ఇవాళ సాయంత్రం ఆమె చేతుల్లో పెట్టాలి. రేపు ఆమె సంచీ భుజాన వేసుకుని ఉద్యోగంలో చేరుతోంది.

"ఆవిణ్ణి మళ్లీ ఆ నొప్పులన్నీ పడమని నేను ఏ నోటితో చెప్పను?" అంది అత్త. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది అనిపించింది కోడలికి.

"ఆయన వచ్చేలోపు నన్ను చూడనివ్వండి."

"చూడు. ఆయనది కొట్టు, ఆయన చేసేది కొట్టుడు. వచ్చాడంటే ఆగడు," అన్నాడు మరిది.

కోడలు కీబోర్డు దగ్గరికి జరిగింది. ఈ నల్లతెరని ఆమె ఇంతకుముందు చూడలేదు గానీ, దాని గురించి చదివింది. మీట నొక్కగానే లినక్స్ లేవదు. ముందు గుమ్మంలో ఒక కాపలావాడు లేస్తాడు. బూట్ లోడర్ అంటారు వాణ్ణి, గ్రబ్ అనేది వాడి పేరు. వాడు లోపలికి వెళ్లి లినక్స్‌ని తట్టి లేపాలి. ఇప్పుడు కాపలావాడైతే లేచాడు. లోపలికి దారి తెలియక గుమ్మంలోనే దిక్కులు చూస్తున్నాడు.

వీడికి తెలిసిన మాటలు నాలుగైదే. వాటిలో ఒకటి, ఉన్న గదుల్ని చెప్పమనడం. అడిగింది. చెప్పాడు. మొదటి గదిలో ఏముందని అడిగింది. 'ఈ ఫైల్ సిస్టమ్ నాకు తెలియదు' అన్నాడు. తరవాతి గది. అదే మాట. ఆఖరి గది అడిగేటప్పుడు కోడలు ఒక్కొక్క అక్షరం చూసి చూసి కొట్టింది. ఈసారి వాడు గొణగలేదు. తెరమీద కొన్ని పేర్లు వరసగా పడ్డాయి. వాటి మధ్య, ఇంగ్లీషు అక్షరాల్లో, 'పాదాలు'.

"అత్తయ్యా, ఉన్నాయి!"

అత్త పరుగున వచ్చింది. "ఏవీ? ఏదీ ఆ పోస్టావిడది, చూపించు."

"బొమ్మ చూపించడం వీడికి రాదు. పేర్లు చదవడం వరకే."

"తలుపు సందులోంచి చూసినట్టన్నమాట," అంది అత్త. అయినా ఆ నల్లతెరని కాసేపు అలాగే చూస్తూ నిలబడింది. మొహంలోకి కాస్త రంగొచ్చింది. "సరే, లోపల ప్రాణంతో ఉన్నాయి. తలుపు తియ్యి."

తలుపు ఎలా తియ్యాలి? కోడలు తెర వంక చూస్తూ కూర్చుంది. పాదాల గది వీడికి తెలుసు, ఎందుకంటే అది పాతకాలం నాటి గది. కొత్త లినక్స్ ఉన్న మొదటి గది వీడికి తెలియదు. కొత్తది తన గదిని తన పద్ధతిలో మార్చి కట్టుకుంది. అంటే ఈ గుమ్మంలో ఉన్నవాడు కొత్తవాడు కాదు. పాత లినక్స్ పెట్టి వెళ్లిన పాత కాపలావాడు. యజమానిని ఖాళీ చేయించారు గానీ, వీణ్ణి వెళ్లమని ఎవరూ చెప్పలేదు. రోజూలాగే పాత గది తలుపు తడుతున్నాడు. లోపలున్న కొత్తవాళ్లెవరో గుర్తుపట్టలేక గుడ్లు తేలేస్తున్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. మరి నిన్నటిదాకా కొత్త లినక్స్‌ని లేపింది ఎవరు?

ఆ ప్రశ్న దగ్గర ఆమె ఆగిపోయింది. వీడికైతే చేతకాదు. ఎవరో ఒకరు లేపారు. అంటే ఇంకో గుమ్మం ఉంది. అది నిన్నటిదాకా ఉండి, ఇవాళ లేదు.

కుర్చీలోంచి లేచింది. పెట్టెని కదపలేదు, ముట్టుకోలేదు. దాని వెనక్కి వెళ్లి మోకాళ్లమీద కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని చూసింది. చెప్పుల అట్టలు రాకినప్పుడు లేచే సన్నటి పొడి ఆ ఇంట్లో దేన్నీ వదలదు. పెట్టె వెనక వైర్లు పెట్టే రంధ్రాలన్నీ బూడిదరంగు నూగు పట్టి ఉన్నాయి. ఒక్కటి మాత్రం, కింది వరసలో ఉన్నది, ఇప్పుడే కడిగినట్టు మెరుస్తోంది. నిన్నటిదాకా అందులో ఏదో ఉంది. దాని ఒంటికి తగిలి పొడి లోపలికి పోలేదు.

కోడలు తల పైకెత్తింది. "పుల్ల! పుల్ల ఎవరు తీశారు?"

"జిగురు డబ్బాలోనే ఉందిగా," అంది అత్త.

"ఆ పుల్ల కాదత్తయ్యా, కంప్యూటర్ పుల్ల!"

ఆ ఇంట్లో పెన్ డ్రైవుకి పుల్ల అని పేరు. అత్త పెట్టిందే. జిగురు కలిపేది పుల్ల, పాటలు వినేది పుల్ల, లినక్స్ ఎక్కించింది కూడా పుల్లే. కొత్తది ఎక్కించిన రోజున ఆ పుల్లని వెనక గుచ్చినది కోడలే. గుచ్చి, మర్చిపోయింది.

మరిది నాలిక కరుచుకున్నాడు. "నిన్న సాయంత్రం నేనే తీశా వదినా. అమ్మే తియ్యమంది."

"నేనా? నేనెప్పుడు చెప్పానురా?"

"'కంప్యూటరు దగ్గర పుల్ల ఉంది, తీసి డబ్బాలో వెయ్యి' అన్లేదూ?"

"నేనన్నది జిగురు పుల్లరా మొద్దూ! బల్లమీద అంటుకుపోతోందని తియ్యమన్నా!"

"కంప్యూటరు దగ్గరున్న పుల్లంటే కంప్యూటరు పుల్లే అనుకుంటారమ్మా ఎవరైనా! వంగి, వెనక చెయ్యి పెట్టి, నానా తంటాలూ పడి పీకా. 'ఏంటీ, ఇంత కష్టమైన చోట పెట్టారు' అని కూడా అనుకున్నా."

"అనుకున్నవాడివి అడగొచ్చుగా!"

"అడిగితే, చెప్పింది ఒక్కసారికి వినవేంరా అంటావ్!"

"సరే సరే, ఏ డబ్బాలో వేశావ్?" అంది కోడలు.

ముగ్గురూ ఒకేసారి కిటికీలో ఉన్న జిగురు పుల్లల డబ్బా వైపు తిరిగారు. పనయ్యాక పుల్లలన్నిటినీ అందులోనే నిలబెడతారు. వాటికి అంటిన జిగురు రాత్రికి రాత్రి గట్టిపడిపోతుంది. మరిది డబ్బాని బల్లమీద బోర్లించాడు. పుల్లలన్నీ ఒక కట్టగా ఊడిపడ్డాయి. ఆ కట్ట నడుమ, నాలుగు పుల్లలకి ఆప్యాయంగా అతుక్కుపోయి, పెన్ డ్రైవు.

"ఇది ఇంక పనిచేస్తుందా?" అన్నాడు మరిది బిక్కమొహం వేసుకుని.

"దానికి మూత పెట్టే వేశావు కదా?"

"పెట్టా. అమ్మ వస్తువు జాగ్రత్తగా పెట్టమంటుందిగా."

"బతికించావ్."

అత్త ఇంకేం మాట్లాడకుండా పుల్లల్ని తన చేతుల్లోకి తీసుకుంది. జిగురుతో ఆమెకి జీవితమంతా పరిచయం. తోలు తుడిచే మందు గుడ్డకి అద్ది, అతుకుల వెంట రాస్తూ, అంచు కత్తి మొండివైపుతో మెల్లగా ఎత్తుతూ, ఒక్క గీత పడకుండా పెన్ డ్రైవుని విడదీసి కోడలి అరచేతిలో పెట్టింది. మూత తీస్తే లోపలి ఇనప మూతి కొత్తదిలా ఉంది.

అప్పటికి కోడలికి అంతా అర్థమైపోయింది. లినక్స్ ఎక్కించే రోజు చివరలో అది ఒక ప్రశ్న అడిగింది. 'కాపలావాణ్ణి ఎక్కడ నిలబెట్టమంటారు?' జవాబుగా రెండు వరసలు చూపించింది. మొదటి వరస ఎప్పుడూ పెట్టెదే అయి ఉంటుందనుకుని మొదటిది నొక్కింది. ఆ రోజు మొదటి వరసలో ఉన్నది పుల్ల. కొత్త కాపలావాడు పెట్టె గుమ్మంలో కాకుండా, పుల్ల గుమ్మంలో నిలబడ్డాడు. పుల్ల ఉన్నన్నాళ్లూ పెట్టె మొదట వాణ్ణే చూసింది. వాడు రోజూ బుద్ధిగా లోపలికి వెళ్లి కొత్త లినక్స్‌ని లేపాడు. పుల్లతో పాటు వాడూ పోయాడు. వెనకాల దాక్కున్న పాతవాడు బయటపడ్డాడు.

ఇదే మాట ఇద్దరికీ చెప్పింది. తప్పు నొక్కింది తనేనని కూడా చెప్పింది.

"అంటే తప్పు నీదీ, నాదీ, వీడిదీనూ," అంది అత్త. "సమానంగా పంచుకున్నాం. కానివ్వు."

కోడలు పెట్టె వెనక మెరుస్తున్న రంధ్రంలో పుల్ల గుచ్చి, మీట నొక్కింది.

నలుపు. నల్లటి తెరమీద ఒక వరస మెరిసి మాయమైంది. కొత్త లినక్స్ పేరు కనబడింది. అంతలో తెర నిండా నీలం పరుచుకుంది.

మరిది ఎగిరి గంతేసిన గంతుకి బల్లమీది పుల్లలన్నీ కింద పడ్డాయి. అత్త అతన్ని తిట్టలేదు. కోడల్ని కుర్చీలోంచి దాదాపు తోసేసి కూర్చుని, 'పాదాలు' తెరిచింది. పాదాలకి తను పెట్టుకున్న ముద్దుపేర్లతో ఇక మొదలుపెట్టింది హాజరు వెయ్యడం. "బాతు, ఉంది. వంతెన, ఉంది. జారుడుబండ, ఉంది, ఇదిగో దాని రెండోది కూడా. చిటికెన వేలు లేనాయన, ఉన్నారు. ఓహో, నువ్వూ ఉన్నావా తల్లీ!" ఒక్కో గీతా తెరిచి, వేలితో తెరమీద తడిమి, మూసి, ఇంకోటి తెరిచింది. ఆఖరికి పోస్టావిడ పాదం తెరిచింది. వంపులన్నీ చివరిదాకా చూసి, కోత మిషనుకి పంపింది.

మిషను చిన్నగా మూలిగి, మెత్తటి అట్టమీద కత్తి దించింది. ఆ చప్పుడు ఆ ఇంట్లోవాళ్లకి ఎప్పుడూ అంత తియ్యగా వినబడలేదు.

అట్టకి అంచులు రాకుతుండగా కొట్టాయన వచ్చాడు. చంకలో సంచీ, చేతిలో తన డిస్కు. నీలం తెర చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటి పిన్నిగారూ, నేను రాకుండానే లేచిందా?"

"మా కోడలు లేపింది."

కోడలు జరిగింది చెప్పింది. అతను పుల్లల కథ దగ్గర పగలబడి నవ్వాడు. నవ్వి, పెట్టె వెనక్కి వంగి చూసి, తల ఊపాడు. "పుల్ల మీద కూర్చున్నాడన్నమాట. నాకిది తట్టలేదమ్మా. ఫోనులో విని కొట్టేద్దామన్నాను."

"మరి ఆ పుల్లని అక్కడే ఉంచేస్తే సరి," అంది అత్త. "కావాలంటే జిగురు పెట్టి అతికించేస్తా, ఇక ఎవడూ పీకకుండా."

"వద్దత్తయ్యా. ఎవరి గుమ్మంలో వాళ్లుండాలి. పెట్టె తనంతట తాను లేవాలి."

"లేచి పనిచేస్తున్నదాన్ని మళ్లీ కెలుకుతావా?"

"ఈసారి పాదాలన్నిటికీ కాపీ తీసుకునే కెలుకుతా."

కొట్టాయన తన డిస్కు ముందుకు చాచాడు. "ఇందులో చేసుకోండి. మీది కొనుక్కునేదాకా మీ దగ్గరే ఉంచండి." పాదాలన్నీ అందులోకి నడిచేసరికి సాయంత్రమైంది, అత్త జోడు కూడా పూర్తిచేసింది. ఆ తరవాత అతను ఒక స్టూలు లాక్కుని కోడలి పక్కన కూర్చున్నాడు, చెయ్యి పెట్టకుండా.

ఈసారి కోడలు వరస సంఖ్యని నమ్మలేదు. ఎవరి కడుపెంతో చూపించమని అడిగింది. చిన్న కడుపు పుల్లది, పెద్ద కడుపు పెట్టెది. "రెండోది పెద్దది," అని పైకే అంది. "అవును, రెండోదే," అన్నాడు కొట్టాయన. గ్రబ్‌ని ఆ పెద్దదాని గుమ్మంలో నిలబెట్టమని రాసింది. ఇద్దరూ ఆ వరసని మళ్లీ ఒకసారి చదివారు. అప్పుడు ఎంటర్ కొట్టింది. పని పూర్తయింది, పొరపాట్లేమీ లేవు అని తెర జవాబిచ్చింది. లోపలున్నది ఏ లినక్సో కొత్త కాపలావాడికి చెప్పే మాట కూడా రాసి, కంప్యూటర్ని ఆపేసింది.

"పాతవాడు ఏమయ్యాడు?" అని అడిగాడు మరిది.

"వాడి చోట్లోనే కొత్తవాడు నిలబడ్డాడు. వాడికి ఇక విశ్రాంతి."

"పాపం, చివరిదాకా డ్యూటీ చేశాడు," అన్నాడు మరిది నిజంగానే.

"పుల్ల నేను తీస్తా," అంది అత్త. మోకాళ్లమీద కూర్చుని, వెనక చెయ్యి పెట్టి, పెన్ డ్రైవుని లాగి, గుప్పిట్లో బిగించింది. "నొక్కు."

కోడలు మీట నొక్కింది. నలుపు. ఆ నలుపు ఇందాకటికంటే ఎక్కువసేపు ఉన్నట్టు అనిపించింది. కొట్టాయన స్టూలు మీంచి సగం లేచాడు. అప్పుడు కొత్త లినక్స్ పేరు వచ్చింది. దాని వెనకే నీలం.

"లేచింది! తనంతట తాను లేచింది!" అని మరిది వీధిలోకి పరుగెత్తాడు, ఎవరికి చెప్పడానికో. ఎదురుగా వస్తున్న పోస్టావిడ దొరికింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. ఏం లేచిందో ఆమెకి తెలియదు. అయినా అందరి మొహాలూ చూసి తనూ నవ్వింది.

అత్త జోడు తెచ్చి, నేలమీద కూర్చుని, తన చేతులతో ఆమెకి తొడిగింది. పోస్టావిడ లేచింది. గది చివరిదాకా నడిచింది. అక్కడ ఆగలేదు. గుమ్మం దాటింది, మెట్టు దిగింది, వీధిలో కొంతదూరం వెళ్లి, అటునుంచి దాదాపు పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చింది.

"ఎక్కడన్నా నొప్పి?" అంది అత్త.

"వెతికా. దొరకలేదు," అంది పోస్టావిడ.

అత్త కోడలి వంక చూసింది. మెచ్చుకోలు మాటలు ఆమెకి చేతకావు. కుర్చీ దుమ్ము కొంగుతో దులిపి, "కూర్చో అమ్మాయ్. ఇకనించి ఇది నీ కుర్చీ. నేను పాదం పట్టుకుంటా, నువ్వు గియ్యి," అంది.

కోడలు కూర్చుంది. చెవుల దాకా పాకిన నవ్వు ఆగలేదు.

కొట్టాయన సంచీ భుజానికి తగిలించుకుని లేచాడు. "అయితే ఇవాళ నాకు కొట్టడానికి ఏమీ లేదన్నమాట. వస్తా పిన్నిగారూ."

అతను రెండడుగులు వేశాడో లేదో, "ఆగు నాయనా," అంది అత్త, కిందికి చూస్తూ. "నీ ఎడమ చెప్పు బయటి అంచే అరుగుతోందే. సాయంత్రానికి నడుం పట్టేస్తుందా?"

అతను ఆగిపోయాడు. "మీకెలా తెలుసు?"

"రా. కూర్చో. ఆ కాలు అద్దం మీద పెట్టు."

కొట్టాయన సంచీ దించి, సిగ్గుపడుతూ చెప్పు విప్పాడు. అత్త అతని మడమ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కోడలు 'పాదాలు' తెరిచి, కొత్త పేజీ తీసి, మొదటి గీతకి సిద్ధంగా మౌసు పట్టుకుంది.